కథ, కట్టు, కుచ్చు: చైనా పండుగ లాంతర్లపై పాఠకుల ప్రశ్నలు

చైనాలో కొత్త ఏడాది తొలి నెల పదిహేనో రోజున, అంటే ఆ ఏడాది మొదటి పౌర్ణమి రాత్రి, లాంతర్ల పండుగ చేసుకుంటారు. దాని పేరు యువాన్‌షియావ్. ‘యువాన్’ అంటే మొదటిది, ‘షియావ్’ అంటే రాత్రి. ఆ పండుగ గురించి, లాంతర్ల తయారీ గురించి అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. కట్టడం గురించి, తిరిగే లాంతరు గురించి అడిగినవాళ్లే ఎక్కువ కాబట్టి వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: ఈ పండుగను హాన్ వంశపు చక్రవర్తి మొదలుపెట్టాడని ఒకచోట, బౌద్ధం వల్ల వచ్చిందని మరోచోట, ఏదో కొంగ చచ్చిపోయిన కథ ఇంకోచోట చదివాను. ఏది నమ్మాలి?

కొంగ సంగతి కథగానే ఉంచండి. స్వర్గాన్ని ఏలే జేడ్ చక్రవర్తి ముద్దుగా పెంచుకున్న కొంగ భూమ్మీద వాలితే ఒక ఊరివాళ్లు దాన్ని చంపేశారట. పదిహేనో రోజు రాత్రి ఆ ఊరిని తగలబెట్టమని ఆయన ఆజ్ఞ వేశాడట. ఒక తెలివైన పెద్దమనిషి మాట విని ఊరంతా ఎర్ర లాంతర్లు కట్టి, మంటలు వేసి, టపాకాయలు కాల్చారట. పైనుంచి చూసిన దేవసైనికులు ఊరు అప్పటికే కాలిపోతోందనుకుని వెనక్కి మళ్లారట. పిల్లలకు చెప్పడానికి చాలా బాగుంటుంది. చరిత్రకు మాత్రం అక్కరకు రాదు.

హాన్ మూలం మాటకు ఆధారం ఆ కాలపు చరిత్రకారుడు సీమా చియెన్ రాసిన ‘షిజీ’ అనే చరిత్ర గ్రంథం. తాయి యీ అనే దేవుడికి గాన్‌చువాన్‌లో తొలి నెల మొదటి ‘షిన్’ రోజున, పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా పూజ చేసేవారని అందులో ఉంది. రాత్రంతా పూజ అంటే దీపాలు తప్పవు, నిజమే. కానీ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. చైనా లెక్కలో రోజుల పేర్లు పదింటికి ఒకసారి తిరిగొస్తాయి. అంటే మొదటి షిన్ రోజు ఎప్పుడూ నెల తొలి పది రోజుల్లోనే పడాలి, పదిహేనుకు చేరదు. కాబట్టి ఆ పూజే ఈ పండుగ అనడం కుదరదు. మహా అయితే తొలి నెలలో రాత్రి దీపాలు పెట్టే అలవాటుకు అది పాత ఆనవాలు.

బౌద్ధాన్ని ఆదరించిన హాన్ వంశపు మింగ్ చక్రవర్తి (57–75) బుద్ధుడి గౌరవార్థం దీపాలు పెట్టించాడన్నది తర్వాతి కాలపు గ్రంథాల మాట. దీపారాధన మీద బౌద్ధం ప్రభావం ఉందనడంలో సందేహం లేదు, తేదీతో సహా ఆయన ఖాతాలో వేయడమే తొందరపాటు.

కాలు గట్టిగా ఆనేది సుయి వంశం దగ్గర. తొలి సుయి చక్రవర్తి వెన్ (581–604) కాలంలో లియూ యూ అనే అధికారి ఒక ఫిర్యాదు పెట్టుకున్నాడు. తొలి నెల పౌర్ణమి రాత్రి జనం వీధులు కిక్కిరిసేలా పోగవుతున్నారు, డోలు మోతతో ఆకాశం అదిరిపోతోంది, కాగడాలతో నేలంతా వెలిగిపోతోంది, జంతువుల ముఖాలు తగిలించుకుంటున్నారు, మగవాళ్లు ఆడవేషాలు కడుతున్నారు, ఇదంతా ఆపించండి అని. ఈ ఉత్సవానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఆపమని అడిగాడంటే అప్పటికే అది జనంలో పాతుకుపోయిందన్నమాట. వెన్ కొడుకు యాంగ్ చక్రవర్తి దారి పూర్తిగా వేరు: 610లో లోయాంగ్‌లో ఇదే రాత్రి 18,000 మంది వాద్యగాళ్లతో మొదలుపెట్టించిన వేడుక నెలాఖరుదాకా సాగింది.

తాంగ్ వంశపు కాలంలో (618–907) రాజధాని చాంగ్‌ఆన్‌లో మామూలు రోజుల్లో సాయంత్రం డోలు మోగగానే పేటల తలుపులు మూసేసేవారు. ఆ తర్వాత వీధిలో కనపడితే శిక్ష. ఈ పండుగకు మాత్రం 14, 15, 16 రాత్రులు ఆ కట్టుబాటు ఎత్తేసేవారు. ఏడాదంతా చీకట్లో మూసుకుపోయే నగరంలో మూడు రాత్రులు ఆడా మగా, చిన్నా పెద్దా స్వేచ్ఛగా తిరగొచ్చు. లాంతరు ఇంటి గుమ్మం దాటి వీధికి ఎందుకొచ్చిందో, ఎందుకంత సింగారించుకుందో ఇక్కడ తెలుస్తుంది. 713లో ఆన్‌ఫూ ద్వారం బయట 20 ఝాంగ్‌ల ఎత్తు దీపచక్రం నిలబెట్టి 50,000 దీపాలు వెలిగించారని రాశారు. 20 ఝాంగ్‌లంటే దాదాపు 60 మీటర్లు. ఎత్తులో కొంత అతిశయోక్తి ఉండొచ్చు, వెలుగు చూసి జనం నోరెళ్లబెట్టారన్నదాంట్లో మాత్రం ఉండదు. సోంగ్ వంశపు కాలానికి (960–1279) మూడు రాత్రులు ఐదయ్యాయి. మింగ్ వంశపు కాలంలో (1368–1644) ఎనిమిదో రోజు నుంచి పదిహేడు దాకా పది రాత్రులయ్యాయి.

ప్రశ్న: తేదీ ఏటా మారుతుందెందుకు?

చాంద్రమానం కాబట్టి. 2026లో మార్చి 3, 2027లో ఫిబ్రవరి 20. చైనా కొత్త సంవత్సరం రోజును ఒకటిగా లెక్కపెట్టుకుంటే పదిహేనో రోజు.

ప్రశ్న: అన్నీ ఎర్ర లాంతర్లేనా? తెల్లది కొనుక్కుంటే తప్పా?

పెళ్లికీ పండుగకూ ఎరుపు. చావింటి గుమ్మానికి తెలుపు. అందుకే చైనీయుల ఇంట్లో శుభకార్యానికి ఏ బొమ్మా లేని ఉత్త తెల్ల కాగితపు లాంతరు కట్టకండి, చూసినవాళ్ల మనసు చివుక్కుమంటుంది. తెల్ల పట్టు మీద పూలూ పక్షులూ చిత్రించిన రాజభవనపు లాంతరుకు మాత్రం ఈ పట్టింపు లేదు. దాన్ని గోంగ్‌డెంగ్ అంటారు. ఆరు లేదా ఎనిమిది పలకల చెక్క చట్రం, పలకలకు పట్టుబట్ట గానీ గాజు గానీ, మూలల నుంచి కుచ్చులు. అక్కడ తెలుపు బొమ్మకు నేపథ్యం, అంతే.

దక్షిణాది ఆచారం ఒకటి కూడా ఇక్కడే చెప్పాలి. ఫుజియాన్ ప్రాంతపు హొక్కియెన్ భాషలో లాంతరు మాటా, ఇంటికి పుట్టే మగబిడ్డ మాటా ఒకేలా ‘టెంగ్’ అని వినిపిస్తాయి. అందుకే లాంతరు ఇవ్వడమంటే సంతానం కలగాలని దీవించడం. హాంకాంగ్ పల్లెల్లో ఆ ఏడాది కొడుకు పుట్టినవాళ్లు వంశపెద్దల మందిరంలో లాంతరు వేలాడదీసే ఆచారమూ ఈ కోవదే. లాంతరు మీద ఇంటిపేరు రాయించుకోవడమూ దక్షిణాదిలో ఎక్కువ.

ప్రశ్న: వెదురు బద్దలతో గుండ్రటి ఎర్ర లాంతరు కట్టాలని చూశాం. ఒకసారి గుమ్మడికాయలా పక్కకు ఒరిగింది, ఇంకోసారి బద్దలు విరిగాయి. కొలతలతో చెప్పండి.

30 సెం.మీ. వ్యాసం ఉన్న లాంతరుకు లెక్క చెబుతాం. ఇందులో పైనా కిందా మూతి 10 సెం.మీ. వెడల్పు అనుకోండి.

బద్దలు 12 కావాలి. ఒక్కోటి 4–5 మి.మీ. వెడల్పు, మి.మీ. నుంచి మి.మీ.న్నర మందం. ఒక మూతి అంచు నుంచి రెండో మూతి అంచుదాకా వంపు పొడవు 37 సెం.మీ. వస్తుంది. రెండు కొసల్లో కట్టుకోవడానికి రెండేసి సెంటీమీటర్లు కలిపి 41 సెం.మీ.కు కోయండి. మీ బద్దలు విరిగింది బహుశా కణుపు దగ్గర. పీచు అక్కడ మెలికపడి ఉంటుంది, వంచితే ముందు అదే తెగుతుంది. కణుపు తప్పించి కోయండి, తప్పనప్పుడు దాన్ని కొస భాగంలోకి వచ్చేలా చూసుకోండి. రెండు మూడు గంటలు నీళ్లలో నానబెట్టాక, పచ్చటి తొక్క వైపు బయటికి ఉండేలా వంచాలి. లోపలి మెత్తటి వైపు బయటికి పెట్టి వంచితే పీచులు లేచిపోతాయి. మొండికేసే బద్దను కొవ్వొత్తి మంటకు పైన అటూ ఇటూ ఆడిస్తూ వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. వేడిలో వంగి, చల్లారాక ఆ వంపులోనే నిలబడుతుంది.

బద్దలన్నీ సమాన మందంలో లేకపోతేనే లాంతరు ఒరుగుతుంది. పలచటిది ఎక్కువ వంగుతుంది, మందంగా ఉన్నది నిక్కి నిలబడుతుంది, చట్రం అటు లాక్కుపోతుంది. కట్టే ముందు ప్రతి బద్దనూ వేళ్ల మధ్య వంచి చూడండి. గట్టిగా అనిపించినదాన్ని లోపలి వైపు చాకుతో గీరండి. అచ్చం ఒకేలా రావు, కాబట్టి గట్టివాటిని ఎదురెదురుగా పెట్టండి.

మూతులకు 3 మి.మీ. ప్లైవుడ్ రింగులు రెండు తీసుకుని, అంచు చుట్టూ 2.6 సెం.మీ.కు ఒకటి చొప్పున 12 గాట్లు పెట్టండి. బద్ద కొసను గాటులో కూర్చోబెట్టి నూలుదారంతో బిగించండి. పన్నెండూ కట్టాక రెండు రింగుల మధ్య ఎత్తు 28 సెం.మీ. ఉండాలి. ఇది చాలా ముఖ్యమైన కొలత. లోపల రెండు తీగ ఊచలు అడ్డుపెట్టి ఆ ఎత్తును నిలపండి, లేకపోతే ఆరేటప్పుడు బట్ట లాగి లాంతరును చప్పిడి చేసేస్తుంది. ఆ తర్వాత నడుము చుట్టూ ఒక దారం తిప్పి, ప్రతి బద్ద దగ్గరా ఒక ముడి వేయండి. ముడికీ ముడికీ మధ్య 7.9 సెం.మీ. ఈ దారం వేయని లాంతర్లలో బద్దలు జరిగిపోయి ఒక చీలిక వెడల్పు, ఒకటి ఇరుకు అవుతాయి.

ఇక కప్పు. పలచటి పట్టు గానీ, పొడవు పీచున్న చేతి కాగితం గానీ వాడండి. ఒక్కో చీలికకు మధ్యగీత 37 సెం.మీ. పొడవు. రెండు చివర్లా 2.6, చివర నుంచి 9 సెం.మీ. లోపలికి వచ్చేసరికి 6.4, సరిగ్గా మధ్యలో 7.9 సెం.మీ. వెడల్పు. ఈ గుర్తుల్ని వంపుగా కలిపి, జిగురు కోసం రెండు పక్కలా అరసెంటీమీటరు అదనంగా వదలండి. జిగురుకు ఒక వంతు మైదా, ఐదు వంతుల నీళ్లు. ఉండ కట్టకుండా కలిపి, తెల్లదనం పోయి గాజులా అయ్యేదాకా సన్నని సెగ మీద తిప్పి, చల్లారాక వాడండి. పురుగు పట్టకుండా చిటికెడు పటిక వేయడం పాత అలవాటు, ఎక్కువైతే కొన్నాళ్లకు కాగితం పచ్చబడుతుంది.

అతికించే వరసలో చాలామంది పొరపాటు చేస్తారు. పక్కపక్కనే అతికించుకుంటూ పోకండి. ఒక చీలిక అతికించాక దానికి సరిగ్గా ఎదుటిది, తర్వాత వాటికి అడ్డంగా ఉన్న రెండు, ఇలా చక్రం చుట్టండి. తడి కాగితం ఆరుతూ ముడుచుకుంటుంది, ఒక పక్క నాలుగు చీలికలు ముందే ఆరితే చట్రం అటు వంగిపోతుంది. మీ లాంతరు గుమ్మడికాయ అవడానికి ఇదే రెండో కారణం.

ఎంత బాగా కట్టినా 12 బద్దల లాంతరు పూర్తి గుండ్రంగా రాదు. రెండు బద్దల మధ్య కప్పు తిన్నగా నిలుస్తుంది, అక్కడ నిజమైన గుండ్రానికి 5 మి.మీ. లోపలికి ఉంటుంది. 16 బద్దలు వాడితే అది 3 మి.మీ.కు తగ్గుతుంది. కంటికి తేడా తెలుస్తుంది, ఓపికుంటే 16 కట్టండి.

లోపల చిన్న ఎల్ఈడీ బల్బు చాలు, సరిగ్గా మధ్యలో. ఒక పక్కకు జరిగితే కప్పు మీద అక్కడ తెల్లటి మచ్చలా మెరుస్తుంది, ఎదుటి వైపు మసకబారుతుంది.

ప్రశ్న: గుర్రాలు పరుగెత్తే తిరిగే లాంతరు చేసి, భద్రంగా ఉంటుందని ఎల్ఈడీ దీపం పెట్టాను. కదలనే కదలలేదు. ఎక్కడ తప్పు?

మీ చేతిపనిలో తప్పేమీ లేకపోవచ్చు. ఆ లాంతరు తిరిగేది వెలుగుతో కాదు, వేడితో. చైనీయులు దాన్ని జౌమా డెంగ్ అంటారు, పరుగెత్తే గుర్రాల లాంతరు అని. సోంగ్ కాలపు కవుల రాతల్లోనే గుర్రపు రౌతుల లాంతరు ప్రస్తావన ఉంది. మంట వల్ల వేడెక్కిన గాలి పైకి పోతూ ఏటవాలు రెక్కల చక్రాన్ని తోస్తుంది, చక్రానికి వేలాడే బొమ్మలు తిరుగుతాయి, వాటి నీడలు బయటి కాగితం మీద పరుగెడతాయి. చిన్న టీలైట్ కొవ్వొత్తి ఇచ్చే వేడి సుమారు 30 వాట్లు. మీ ఎల్ఈడీ బహుశా ఒక వాటు. ఎల్ఈడీయే కావాలంటే గడియారం మోటారు లాంటి చిన్న మోటారు పెట్టాల్సిందే. ఇప్పుడు ప్రదర్శనల్లో చేసేది అదే.

కొవ్వొత్తితో నడిచేదానికి కొలతలు ఇవి. బయటి పెట్టె 20 సెం.మీ. చదరం, 30 సెం.మీ. ఎత్తు. పైన తెరిచి ఉండాలి, కింద నాలుగు పక్కలా 2 సెం.మీ. సందు వదలాలి. కింద సందు లేక ఆగిపోయే లాంతర్లు లెక్కలేనన్ని: కొత్త గాలి రాకపోతే మంట కునుకుతుంది, పైకి పోవడానికి గాలే ఉండదు. చక్రం 12 సెం.మీ. వ్యాసం, పలచటి అల్యూమినియం రేకుతో. మధ్యలో 3 సెం.మీ. బొడ్డు వదిలి, 8 రెక్కలుగా కోసి, అన్నిటినీ ఒకే వైపుకు 30 డిగ్రీలు వంచండి. ఒక్క రెక్క ఎదురు తిరిగినా మిగతావాటి పనిని తినేస్తుంది. జ్వాల కొసకూ చక్రానికీ మధ్య 15 సెం.మీ.కు తగ్గనివ్వకండి. కాగితపు చక్రమైతే మాడుతుంది.

చక్రం బొడ్డులో టిచ్ బటన్‌లో గుంటగా ఉండే సగాన్ని బోర్లా అతికించండి. అడుగు నుంచి ఒక గట్టి తీగను కొవ్వొత్తి పక్కగా పైకి లేపి, పైభాగంలో మధ్యకు వంచి, దాని కొసకు కుట్టుసూదిని నిటారుగా బిగించండి. గుంట సూదిమొన మీద కూర్చుంటుంది. ఊదితే చక్రం కనీసం నాలుగైదు చుట్లు తిరిగి మెల్లగా ఆగాలి, టక్కున ఆగితే రాపిడి ఉన్నట్టే. చక్రం అంచు నుంచి సన్నని తీగ చేతులు మధ్య నుంచి 8 సెం.మీ. దూరం దాకా సాచి, వాటికి బొమ్మలు వేలాడదీయండి. బొమ్మల బరువు సూదిమొనకు దిగువన ఉంటుంది కాబట్టి చక్రం పడిపోదు. ఒక పక్కకు వాలితే ఎదుటి చేతికి చిటికెడు మైనం అంటించండి.

బొమ్మలు కాగితానికి 2 సెం.మీ. దగ్గరగా ఉంటే నీడ అంచులు పదునుగా వస్తాయి. మంటకు దగ్గరైనకొద్దీ నీడ పెద్దదై చెదురుతుంది. రెండు కొవ్వొత్తులు పెడితే త్వరగా తిరుగుతుందని ఆశపడకండి, ప్రతి గుర్రానికీ రెండు నీడలు పడతాయి. బొమ్మలు అంటించే ముందు ఒకసారి కొవ్వొత్తి వెలిగించి చక్రం ఎటు తిరుగుతోందో చూసుకోండి. గుర్రాల తలలు అటే ఉండాలి, లేకపోతే మీ గుర్రాలన్నీ వెనక్కి నడుస్తాయి. దీన్ని గాలి కొట్టే చోట పెట్టకండి, వెలుగుతున్నంతసేపూ మనిషి పక్కనే ఉండాలి.

ప్రశ్న: అసలు చట్రమే లేని లాంతర్లుంటాయట. ఎలా నిలబడతాయి?

ఝెజియాంగ్ రాష్ట్రంలోని షియన్‌జూ వీటికి పేరు. బద్దలు, తీగలు ఏవీ ఉండవు. గట్టి కాగితపు ముక్కల్ని కోణాలు కలిసేలా అతికిస్తే ఆ మడతలే ఎముకలవుతాయి. పెట్టె మూలల వల్ల గట్టిగా నిలబడినట్టే. అతికించే ముందు ప్రతి ముక్క మీదా సూదితో వేలకొద్దీ బెజ్జాలు పొడిచి పూలు, ఆకులు గీస్తారు. దీపం వెలగకముందు అది మామూలు కాగితం. వెలిగాక ఒక్కో బెజ్జం ఒక్కో వెలుగుచుక్క. సూది దిగిన వైపు నున్నగా ఉంటుంది, అవతలి వైపు కాగితం చిన్న గట్టులా లేస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. బెజ్జాలు మరీ దగ్గరైతే రెండు కలిసి చిరుగవుతుంది, దూరమైతే బొమ్మ తెలియదు. ఈ ఓపికను చూస్తే మాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు కొస సిచువాన్‌లోని జిగోంగ్. ఉప్పు బావులకు పేరుపడిన ఊరు. 1964లో నగరపాలకులు అక్కడ లాంతర్ల ఉత్సవం ఏర్పాటు చేశారు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ భారీ చైనా లాంతర్ల ప్రదర్శన జరిగినా అక్కడి పనివాళ్ల చేయి ఉండే అవకాశం ఎక్కువ. నేల మీద అసలు సైజులో గీత గీసుకుంటారు, దాని ప్రకారం ఇనుప తీగను వంచి వెల్డింగ్ చేస్తారు, లోపల బల్బులు కడతారు, ఆ తర్వాతే పట్టుబట్టను గడి గడికీ కోసి అతికిస్తారు, చివర రంగు చల్లుతారు. బల్బులు ముందే కట్టడానికి కారణముంది: బట్ట వేశాక లోపలికి చేయి దూరదు. బల్బు బట్టకు మరీ దగ్గరైతే అక్కడ మచ్చ, బల్బుకూ బట్టకూ మధ్య తీగ అడ్డొస్తే డ్రాగన్ ముఖం మీద నల్లగీత. పింగాణీ పళ్లేలు, గిన్నెలు వేలకొద్దీ కట్టి డ్రాగన్లు చేయడం, చిన్న మందు సీసాల్లో రంగునీళ్లు నింపి పొలుసులుగా పేర్చడం వీళ్ల ప్రత్యేకత.

తామరపువ్వు, కుందేలు, సింహం ఆకారాల చేతిలాంతర్లు చూడాలంటే నాన్‌జింగ్‌లోని చిన్‌హువాయ్ నది ఒడ్డు. అక్కడి లాంతర్ల ఉత్సవం 2006లో చైనా జాతీయ వారసత్వ జాబితాకెక్కింది.

ప్రశ్న: ఆకాశ లాంతరును ఝూగె లియాంగ్ కనిపెట్టాడా? పండుగకు ఎగరేయవచ్చా?

ఝూగె లియాంగ్ (181–234) మూడు రాజ్యాల కాలపు మంత్రి. ఆయన మరో పేరు కోంగ్‌మింగ్, అందుకే కోంగ్‌మింగ్ లాంతరు. శత్రువులు చుట్టుముట్టినప్పుడు సాయం కోరుతూ వదిలాడని ఒక కథ, లాంతరు ఆయన టోపీ ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరని మరో కథ. రెండూ జనశ్రుతే.

ఎగిరే లెక్క సులువు. 20 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 1.2 కిలోలు, 100 డిగ్రీల దగ్గర 0.95 కిలోలు. తేడా పావుకిలో. లాంతరు లోపలి ఖాళీ 0.2 ఘనమీటర్లైతే అది మోయగలిగేది 50 గ్రాములే, కాగితం, రింగు, ఇంధనం అన్నీ కలిపి. తడి కాగితం, లావు తీగ, చిన్న చిరుగు, వీటిలో ఏదైనా చాలు అది లేవకపోవడానికి. లేచినా ఎటు పోతుందో, మంట ఆరకముందే ఎక్కడ దిగుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. 2020 కొత్త సంవత్సరం రాత్రి జర్మనీలోని క్రెఫెల్డ్ జంతుశాలలో ఆకాశ లాంతర్ల వల్ల కోతుల నివాసం కాలిపోయి 30కి పైగా జంతువులు చనిపోయాయి. చైనాలోనూ చాలా నగరాల్లో ఇవి నిషేధం. తైవాన్‌లోని పింగ్‌షీ లాంటి చోట, కేటాయించిన స్థలంలో, కేటాయించిన వేళలో మాత్రమే వదులుతారు. ఇంటి మేడ మీద నుంచి వద్దు. ఈ విషయంలో మెత్తగా చెప్పలేం.

నీళ్లలో వదిలే తామర లాంతర్లు వేరే సందర్భానివి. ఏడో నెల పౌర్ణమికి, దిక్కులేని ఆత్మలకు దారి చూపడానికి వదులుతారు. యువాన్‌షియావ్ ఆనందంలో వాటిని కలపకండి.

ప్రశ్న: లాంతర్ల మీద చీటీలు ఎందుకు వేలాడతాయి?

అవి పొడుపుకథలు, డెంగ్‌మి అంటారు. సోంగ్ కాలం నుంచీ ఉన్న ఆట. చీటీ మీద పొడుపు ఉంటుంది, దాని కిందే విప్పు ఏ జాతిదో చెప్పే సూచన ఉంటుంది: ఒక అక్షరం, ఊరి పేరు, వస్తువు, ఇలా. విప్పగలిగినవాళ్లు చీటీ తీసుకుని నిర్వాహకుల దగ్గర జవాబు చెబితే చిన్న బహుమతి.

ఒకటి విప్పి చూపిస్తాం. పొడుపు: ‘ఒక్క నోరు ఆవు తోకను కొరికేసింది’. సూచన: ఒక అక్షరం. ఆవును సూచించే ‘న్యూ’ అక్షరంలో నిలువు గీత అడ్డగీతను దాటి కిందికి వేలాడుతుంది, అదే తోక. ఆ వేలాడే భాగాన్ని తీసేసి, దాని కింద నోరును సూచించే ‘కౌ’ అనే చదరాన్ని పెట్టండి. ‘గావ్’ అనే అక్షరం వస్తుంది, చెప్పడం అని అర్థం. పొడుపు అర్థంలో కాదు, గీతల్లో దాక్కుంది. చైనా లిపి లేకపోతే ఈ ఆటే లేదు, అందుకే దీన్ని అనువదించబోతే చేతికేమీ మిగలదు.

ప్రశ్న: ఆ రాత్రి తినే తెల్ల ఉండలు ఉడికేటప్పుడు పగిలిపోతున్నాయి.

ఉత్తరాదిలో చేసేవి యువాన్‌షియావ్, దక్షిణాదివి టాంగ్‌యువాన్. మొదటివాటిలో నువ్వులూ చక్కెరా కలిపిన గట్టి పూర్ణం ముక్కను నీళ్లలో ముంచి, పొడి జిగురుబియ్యం పిండిలో పళ్లెం ఊపుతూ దొర్లిస్తారు. మళ్లీ ముంచి మళ్లీ దొర్లిస్తారు. రెండోవి తడిపిండి ముద్దలో పూర్ణం పెట్టి మూసేవి. మీవి దొర్లించినవైతే ఎక్కువసేపు ఉంచకండి, పైపొర ఎండి చీలుతుంది. రెండు రకాలకూ నీళ్లు తెర్లాకే వేసి, ఒకసారి గరిటె వెనక వైపుతో అడుగు నుంచి కదిపి, మంట తగ్గించండి. పైకి తేలాక రెండు మూడు నిమిషాలు చాలు. కళపెళ ఉడికే నీళ్లలో అవి ఒకదానికొకటి కొట్టుకునే పగులుతాయి.

ప్రశ్న: మడతపెట్టి వచ్చిన ఎర్ర లాంతరు విప్పితే ఒక పక్కే ఉబ్బుతోంది. కుచ్చు కూడా చిక్కుపడింది.

లోపలి తీగలన్నీ ఒకవైపు గుంపుగా ఉన్నాయి. కట్టిన దారం తీసి, పై మూతా కింది మూతా పట్టుకుని కొద్దిగా దగ్గరికి నొక్కండి. బట్ట వదులైనప్పుడే తీగల్ని ఒక్కొక్కటిగా వేలితో జరుపుతూ కుట్టు గీతల మీదికి తేవాలి. అన్నీ సర్దుకున్నాకే మధ్య ఊచను బిగించండి. ముందే బిగిస్తే బట్ట గట్టిపడి తీగ కదలదు, బలవంతం చేస్తే కుట్టు తెగుతుంది.

కుచ్చును దువ్వకండి. కెటిల్ ఆవిరికి జానెడు దూరంలో అర నిమిషం వేలాడదీసి, పైనుంచి కిందికి వేళ్లతో సాపు చేసి, కొసలు సమంగా కత్తిరించండి. దాచేటప్పుడు కుచ్చుకు కాగితం చుట్టి లాంతరులోపల పెట్టండి. ఎండ పడే వరండాలో ఏడాదంతా ఉంచితే ఎరుపు వెలిసి గులాబీ రంగుకు దిగుతుంది, వెలిసిన లాంతరును కొత్త ఏడాదికి కట్టరు. బయట జతగా కడుతున్నారా, రెండింటి మూతులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో వీధిలోకి వెళ్లి చూడండి. గుమ్మంలో నిలబడితే ఆ తేడా తెలియదు.